పాత సైకిలుకు పళ్ళు చూడటం
(తిరుపతిలో ఒక ఆదివారం ఉదయం సైకిలు తొక్కేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. తెల్లవారకముందే లేచి అలిపిరి నుంచి చంద్రగిరి కోట దాకా తొక్కి వచ్చారు. అలసిపోయి ఉంటారు. అయినా ఎండెక్కే దాకా కూర్చుని వింటామన్నారు. చాలా సంతోషం.

ఈ మధ్య నాకు తరచుగా ఫోన్లు వస్తున్నాయి. "అన్నా, ఒక ఫోటో పంపాను, చూడండి. పాత రేసింగు సైకిలు, ఫారిన్ సరుకట. పదిహేను వేలు చెబుతున్నారు. పెట్టవచ్చా?" అని అడుగుతారు. ఫోటోలో సైకిలు మెరిసిపోతూ ఉంటుంది. నేను ఏమీ చెప్పలేను. ఫోటోలో రంగు కనబడుతుంది, పేరు కనబడుతుంది. సైకిలు వెలను తేల్చేవి మాత్రం ఆ రెండూ కావు.

మా తాత పశువుల సంతకు వెళ్ళేటప్పుడు నన్ను వెంట తీసుకువెళ్ళేవాడు. ఎద్దు ఎంత నిగనిగలాడుతున్నా, కొమ్ములకు ఎంత రంగు పూసి ఉన్నా ఆయన వాటి వంక చూసేవాడు కాదు. నేరుగా వెళ్ళి పెదవి ఎత్తి పళ్ళు చూసేవాడు. నాలుగు అడుగులు నడిపించమనేవాడు. కాలు ఎత్తి గిట్ట చూసేవాడు. ఇదంతా అయ్యాకే తువ్వాలు కింద చేయి పెట్టి వేళ్ళతో బేరం. పాత సైకిలు దగ్గర నేను చేసే పని కూడా అంతే. పళ్ళు ముందు, రంగు చివర.

ఇక్కడ స్టాండు మీద ఉన్నది ఇంగ్లండు ర్యాలీ కంపెనీ సైకిలు. వయసు యాభై దాటింది. చిత్తూరులో, మిట్టూరులోని ఒక డాక్టరుగారి ఇంట్లో మెట్ల కింద ఏళ్ళ తరబడి పడి ఉన్నది. ముందు దీన్ని ఎత్తి చూద్దాం. బాబూ, నువ్వు రా. పై గొట్టం పట్టుకుని ఒంటిచేత్తో ఎత్తు. లేచింది కదా? ఇప్పుడు ఈ వేలాడే తూకానికి తగిలించు, ఊర్లకు వెళ్ళేటప్పుడు పెట్టెలు తూచుకునేదే. పన్నెండు కిలోలకు వంద గ్రాములు తక్కువ. మన పాలవాళ్ళు క్యాన్లు కట్టుకుని తిరిగే సైకిలు వట్టిదే 20 కిలోల దాకా తూగుతుంది. ఇదే ర్యాలీ పేరుతో, ఇదే వంపు హ్యాండిలుతో అప్పట్లో వచ్చిన చవక రకాలు 13, 14 కిలోలు ఉండేవి. పేరు ఒకటే. తేడా గొట్టంలో ఉంది.

అందుకే మొదటి ప్రశ్న ఎప్పుడూ గొట్టం గురించే. ఈ సీటు గొట్టం మీద చూడండి, వెలిసిపోయిన చిన్న కాగితం అంటించి ఉంది. రేనాల్డ్స్ 531 అని చదవవచ్చు. బర్మింగ్‌హామ్‌లోని రేనాల్డ్స్ కంపెనీ 1935లో తెచ్చిన ఉక్కు ఇది. మాంగనీసు, మాలిబ్డినం కలిపిన మిశ్రమం. మామూలు ఉక్కు కన్నా బలం ఎక్కువ కనుక గొట్టాన్ని పలుచగా తీయవచ్చు. ఆ కంపెనీవాళ్ళే 1897లో ఒక ఉపాయానికి పేటెంటు తీసుకున్నారు. గొట్టం రెండు చివర్లా మందంగా, నడుమ పలుచగా ఉండేలా తయారు చేయడం. అతుకు పడే చోట బలం కావాలి, నడుమ అంత అవసరం లేదు. వేలితో ఇలా కొట్టి వినండి, చివర ఒక రకంగా, నడుమ ఇంకో రకంగా మోగుతుంది. ఈ ర్యాలీ మాత్రం అంత పై తరగతిది కాదు. ఆ కాగితం మీద మాటలు చివరిదాకా చదవాలి. కొన్నిటి మీద గొట్టాలు, ఫోర్కు, వెనక కమ్మీలు అన్నీ 531 అని ఉంటుంది. దీని మీద మూడు ముఖ్యమైన గొట్టాలు మాత్రమే 531 అని ఉంది. ఈ ఒక్క వాక్యం తేడాతో ధర సగానికి పడిపోయిన బేరాలు నేను చూశాను.

కాగితం ఊడిపోతే? లేదా అంటించినది అబద్ధమైతే? ఇవాళ అలాంటి కాగితాలు ఎవరైనా అచ్చు వేయించి అంటించగలరు. అప్పుడు సీటు రాడ్డు బయటికి తీసి దాని మందం కొలవండి. ఆ కాలపు మేలైన ఉక్కు చట్రాల్లో, గొట్టం లోపల పలుచన కనుక, 27.2 మిల్లీమీటర్ల రాడ్డు పడుతుంది. బయటి కొలత అంతే ఉండి లోపల 26కో, 25.4కో తగ్గిందంటే గోడ మందమని అర్థం, అంటే బరువు రకం. దీనికి 26.4 రాడ్డు పడింది, అంటే మేలైనదానికీ బరువు రకానికీ నడుమ. కాగితం చెప్పిన మాటతో సరిపోయింది. తరువాత వెనక ఇరుసు కూర్చునే పలకలు చూడండి. మేలు రకంలో అవి పోత పోసినట్టు, కొట్టి సాగదీసినట్టు దళసరిగా ఉంటాయి. చవక రకంలో రేకు కత్తిరించి గొట్టం చివర నొక్కి అతికిస్తారు. తరువాత పెడలు చేతులు. మన పాత సైకిళ్ళలో ఉన్నట్టు, చేతిని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను కనబడిందంటే అది ఆ కంపెనీవారి కింది మెట్టు సరుకు. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. రిమ్ముకు అంటుకుందంటే ఉక్కు రిమ్ము. వానలో ఉక్కు రిమ్ము మీద బ్రేకు ఎంత నొక్కినా సైకిలు ఎక్కడో వెళ్ళి ఆగుతుంది.

ఇటలీవాళ్ళకు కొలంబస్ అనే గొట్టం కంపెనీ ఉంది, దాని గుర్తు పావురం. జపానులో టాంగే, ఇషివాతా. ఇవి కనబడితే ఆగి చూడండి. అంతకన్నా చెప్పను, మనకు అవి అరుదు.

మనకు దొరికేవేమిటి? నా అనుభవంలో ఈ చుట్టుపక్కల మూడు రకాలు వస్తాయి. ఒకటి, విదేశాల్లో పనిచేసి వచ్చినవాళ్ళు ఓడలో వేసుకుని తెచ్చినవి, ఇదిగో ఇలాంటివి. రెండు, మన దేశంలోనే తయారైన వంపు హ్యాండిలు సైకిళ్ళు, హీరో హాక్, బీఎస్ఏ మాక్ వంటివి. మూడు, గత పదిహేనేళ్ళలో ఉత్సాహంగా కొని, ఆరు నెలలు తొక్కి, గోడకు ఆనించేసిన అల్యూమినియం సైకిళ్ళు. ధరకు తగిన సుఖం కావాలంటే మూడో రకమే మేలని నా అభిప్రాయం. మనసు పడేది మాత్రం మొదటి రకం మీద. అందుకే మోసం కూడా అక్కడే ఎక్కువ.

ర్యాలీ పేరు చెప్పి అమ్మేవాళ్ళు మన దగ్గర ఇంకా ఉన్నారు కనుక ఒక మాట. బెంగాల్‌లో ఆసన్‌సోల్ దగ్గర సేన్-ర్యాలీ కంపెనీ ఉండేది. ఇంగ్లండు ర్యాలీతో కలిసి మన దేశంలోనే సైకిళ్ళు చేసింది. అవీ మంచి సైకిళ్ళే, కానీ ఇంగ్లండులో తయారైనవి కావు. ముందు గొట్టం మీద కొంగ తల గుర్తు ఉంటుంది. దాని కింద నాటింగ్‌హామ్ అని ఉందో, ఇండియా అని ఉందో చదవండి. ఇంకో సంగతి మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ర్యాలీ, రేనాల్డ్స్ రెండూ ఒకప్పుడు బ్రిటన్‌లోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ చేతిలోవే. ఆ కంపెనీయే మురుగప్ప కుటుంబంతో కలిసి 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ పెట్టింది. మన నాన్నలు తొక్కిన హెర్క్యులిస్, బీఎస్ఏ సైకిళ్ళు అక్కడివే. ఆ ఫ్యాక్టరీ పెట్టిన అంబత్తూరు ఇక్కడికి మూడు గంటల దారి. కనుక ఈ డాక్టరుగారి సైకిలూ, మన ఇంటి సైకిలూ దూరపు చుట్టాలే.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. గొట్టం మంచిదైతే చాలదు, అది నిటారుగా ఉండాలి.

ఇది మామూలు దారం ఉండ. ఒక కొస వెనక ఎడమ పలకకు కట్టాను. దాన్ని ముందుకు తీసుకువెళ్ళి, హ్యాండిలు నిలిచే ముందు గొట్టం చుట్టూ తిప్పి, వెనక్కి తెచ్చి కుడి పలకకు బిగించాను. దారం బిగువుగా ఉండాలి, ఎక్కడా గేరు తీగకు తగలకూడదు. ఇప్పుడు సీటు గొట్టానికి రెండు వైపులా దారం వెళుతోంది. స్కేలు పెట్టి గొట్టానికీ దారానికీ మధ్య సందు కొలుస్తాను. ఎడమ వైపు 31 మిల్లీమీటర్లు. కుడి వైపు... అమ్మా, మీరు చదవండి. 28. అంటే మూడు మిల్లీమీటర్ల తేడా. చట్రం వెనక భాగం ఒక పక్కకు ఒరిగింది. ఒకటి రెండు మిల్లీమీటర్లయితే నేను పట్టించుకోను. మూడంటే కారణం వెతుకుతాను.

ఎందుకు ఒరిగింది? పడిపోయిందా? ముందు ఆ భయం తీర్చుకోవాలి. సైకిలు దేనికైనా ముందు నుంచి గుద్దుకుంటే దెబ్బ ఆ ముందు గొట్టం వెనక చేరుతుంది. పై గొట్టం, కింది గొట్టం దానికి అతికే చోట, అతుకుకు రెండు మూడు వేళ్ళ దూరంలో, అడుగు భాగాన ఉక్కు ముడత పడుతుంది. కంటికి కనబడదు. కళ్ళు మూసుకుని వేలి కొసతో ఇలా నిదానంగా రాసి చూడాలి. అన్నం మెతుకంత ఉబ్బు తగిలినా బేరం ఆపేయండి. రంగు అక్కడ ఒక్కచోటే కొత్తగా ఉన్నా, సన్నగా పగిలినా అనుమానించండి. దీనికి ఏమీ లేదు, నున్నగా ఉంది.

ఆ ముడత నాకు ఎలా తెలుసో చెబుతాను. 1998లో నేను మొదటిసారి ఒక పాత రేసింగు సైకిలు కొన్నాను. వేరే ఊళ్ళో, ఒక షాపులో. కొత్తగా ఎర్ర రంగు వేసి ఉంది, చూడగానే చేయి జేబులోకి వెళ్ళింది. అమ్మినాయన కాణిపాకంలో ప్రమాణం చేస్తానన్నాడు, ఒక్కసారి కూడా పడలేదని. రెండు వారాల తరువాత పీలేరు నుంచి వస్తూ భాకరాపేట ఘాటు దిగుతున్నాను. వేగం పెరిగేసరికి ముందు చక్రం దానంతట అదే ఊగడం మొదలుపెట్టింది. హ్యాండిలు నా చేతుల్లో పాము మెలికలు తిరిగినట్టు తిరిగింది. మోకాలు పై గొట్టానికి ఆనించి, నెమ్మదిగా బ్రేకు పట్టి, ఎలాగో ఆపాను. పక్కనే లోయ. దిగి తడిమి చూస్తే కింది గొట్టం అడుగున, ఆ ఎర్ర రంగు కింద, ఉబ్బు. ఘాటు చివరిదాకా నడిపించుకుంటూ దిగాను. ఆ సైకిలుకు సీటు రాడ్డు కూడా కదలలేదు. ఉక్కు గొట్టంలో అల్యూమినియం రాడ్డు ఏళ్ళ తరబడి కదలకుండా ఉండి, చెమట, తడి చేరితే రెండు లోహాలూ కరుచుకుపోతాయి. చివరికి రంపంతో కోసి తీశాం. అప్పటి నుంచి ఎవరి ప్రమాణమూ నాకు అక్కరలేదు. సైకిలును ఇలా వేలితో తడిమి చూస్తాను. సీటు రాడ్డు పైకీ కిందికీ కదిపి చూపించమంటాను. కదపనన్నవాడి దగ్గర కొనను.

మరి ఈ ర్యాలీ వెనక ఎందుకు ఒరిగింది? దీనికి జవాబు పళ్ళలో ఉంది. డాక్టరుగారి ఇంట్లో కొన్న రశీదు దొరికింది. ఇంగ్లండులో లెస్టర్‌లోని ఒక షాపు, 1974. పది గేర్ల సైకిలు అని రాసి ఉంది. పది గేర్లంటే ముందు రెండు, వెనక ఐదు. ఇప్పుడు వెనక లెక్కపెట్టండి. ఆరు! అంటే వెనక చక్రం మార్చారు. ఐదు పళ్ళచక్రాల కాలంలో వెనక పలకల మధ్య సందు 120 మిల్లీమీటర్లు. ఆరు, ఏడు వచ్చేసరికి 126 అయింది, ఎనిమిది వచ్చాక 130. ఎవరో వెడల్పు ఇరుసును ఇరుకు సందులో బలవంతాన దూర్చారు, చట్రం ఒకవైపు ఎక్కువ సాగింది. ఎప్పుడు మార్చారు? ఈ వెనక గేరు మార్చే పరికరం వెనక వైపు లైటు వేసి చూడండి. షిమానో అని ఉంది, జపాను కంపెనీ పేరు, దాని కింద చిన్న అక్షరాలు రెండు, హెచ్, డీ. షిమానోవాళ్ళు తమ సరుకు మీద తయారైన తేదీని ఇలా గుద్దేవారు. మొదటి అక్షరం సంవత్సరం, ఏ అంటే 1976, బీ అంటే 1977, అలా వరుసగా. రెండోది నెల. హెచ్ అంటే 1983, డీ అంటే ఏప్రిల్. జెడ్ 2001కి వచ్చి, 2002లో మళ్ళీ ఏ మొదలైంది, కనుక సరుకు వాలకం కూడా చూసుకోవాలి. ఎద్దు వయసు పళ్ళలో ఉన్నట్టు సైకిలు వయసు ఇక్కడ ఉంటుంది.

ఎవరైనా ఈ సైకిలును "1974 నాటిది, అన్నీ ఒరిజినల్" అని అమ్మితే అది అబద్ధం. చట్రం 1974, వెనక భాగం 1983 తరువాతది. దాచుకునేవారికి, అంటే కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే గోడకు తగిలించుకునేవారికి ఇది పెద్ద లోపం, సగం ధర తగ్గించి అడుగుతారు. తొక్కేవారికి లాభం. పాత ఉక్కు రిమ్ము పోయి అల్యూమినియం రిమ్ము వచ్చింది, బ్రేకు పడుతుంది. ఒకే సైకిలుకు ఇద్దరు మనుషుల దగ్గర రెండు వెలలు ఉంటాయి, రెండూ నిజమే. మీరు ఎవరో ముందు తేల్చుకోండి. తొక్కేవారు దాచుకునేవారి వెల ఇచ్చి కొంటే సైకిలు తొక్కడానికి మనసొప్పదు.

ఒరిగిన వెనక భాగాన్ని ఏం చేయాలి? ఉక్కు కనుక సరిచేయవచ్చు. తెలిసిన చేయి పట్టి వంచితే వంగుతుంది, వంగినచోట నిలుస్తుంది. మన పుత్తూరు కట్టు లాంటిదే, ఎముక సరైన చోట చేర్చి కడితే అతుక్కుంటుంది. అల్యూమినియానికి ఆ కట్టు లేదు. వంగిన అల్యూమినియం చట్రాన్ని తిరిగి వంచితే పగులుతుంది. వెల్డింగు చేసిన చోట్ల వెంట్రుకంత గీత కనబడినా తీసుకోవద్దు. కార్బన్ నారతో చేసిన చట్రాల విషయం ఇంకా కష్టం. పైకి కొత్త పెళ్ళికొడుకులా ఉంటుంది, లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. నాణెంతో కొడుతూ వెళితే ఒకచోట గణగణ మాని దబ్బుమని మోగుతుంది, అదొక గుర్తు. అయితే అన్ని పగుళ్ళూ మోగవు. ఎవరు తొక్కారో, ఎలా తొక్కారో మీకు స్వయంగా తెలిస్తే తప్ప పాత కార్బన్ కొనవద్దని గట్టిగా చెబుతాను.

ఇంకో మాట, వాతావరణం. చెన్నై నుంచి వచ్చిన సైకిలయితే సీటు రాడ్డు తీసి గొట్టంలోకి లైటు వేయండి. సముద్రపు గాలి లోపలి నుంచి తింటుంది, పైన రంగు బాగానే ఉంటుంది. మన తిరుపతి ఎండలో మగ్గినదయితే ఇనుము బాగుంటుంది, రబ్బరు చస్తుంది. టైరు పక్కన పగుళ్ళు, బ్రేకు ముక్కలు రాయిలా గట్టిపడటం. వీటికి భయపడనక్కరలేదు, ఖర్చు లెక్కలో వేసుకుంటే చాలు.

ఆ లెక్క ఎలా వేయాలో చూద్దాం. చైనుతో మొదలుపెడతాను. చైను ముడి ముడికీ అర అంగుళం. ఇరవైనాలుగు ముడులకు సరిగ్గా పన్నెండు అంగుళాలు రావాలి. ఉక్కు స్కేలు పెట్టండి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వస్తే చైను ఒక్కటే మార్చాలి. ఎనిమిదో వంతు ఎక్కువైతే అరిగిన చైను వెనక పళ్ళను కూడా తినేసి ఉంటుంది, రెండూ మార్చాలి. దీనికి ఎనిమిదో వంతు దాటింది. తరువాత చక్రాలు ఎత్తి తిప్పండి, బెండు ఉందేమో చూడండి. ఇరుసు పట్టుకుని రెండు వేళ్ళతో తిప్పండి. ఇసుకలో నడిచినట్టు గరగరమంటే బాల్సు, గ్రీజు మార్చాలి. పెడలు చేయి పట్టుకుని పక్కకు ఊపండి, టకటకమంటే బీబీ, అంటే పెడలు చేతుల నడుమ ఉండే ఇరుసు భాగం, చూడాలి. ఇవన్నీ మన సైకిలు షాపుల్లో ఓవరాయిలింగు కిందికి వస్తాయి.

టైరు కొలత మాత్రం కొనకముందే చూడండి. దీని ముందు చక్రం పాత 27 అంగుళాలది, రిమ్ము మీద టైరు కూర్చునే చోట 630 మిల్లీమీటర్లు. ఇప్పటి 700సి అంటే 622. ఎనిమిది మిల్లీమీటర్ల తేడానే, కానీ ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. 700సి టైర్లు సులభంగా దొరుకుతాయి, 27 కోసం వెతకాలి. చక్రమే మార్చుకుందామంటే రిమ్ము నాలుగు మిల్లీమీటర్లు కిందికి వెళుతుంది, బ్రేకు చేతులు అంత కిందికి అందుతాయో లేదో కొలవాలి. మన పెద్ద సైకిలు టైరు పడుతుందేమో అనుకోవద్దు, దాని రిమ్ము 635.

గేరు మీటల గురించి ఎవరో వెనక నుంచి అడుగుతున్నారు. అవును, హ్యాండిలు మీద బ్రేకుతో కలిసి ఉండే మీటలు 1990లో షిమానో తెచ్చింది. తొక్కడానికి హాయి. ఏళ్ళు గడిచాక లోపలి గ్రీజు జిగురులా గట్టిపడి మీట వేసినా పట్టదు. కొన్నిసార్లు పలుచని నూనె పోసి కడిగితే లేస్తుంది. లేవకపోతే కొత్త జత ధర పాత సైకిలు ధరకు దగ్గరగా ఉంటుంది. ఈ ర్యాలీకి మీటలు కింది గొట్టం మీద ఉన్నాయి. ఒక మర, రెండు రేకులు, అంతే. పాడవడానికి అందులో ఏమీ లేదు. ఇటలీలో ఎరోయికా అనే పాత సైకిళ్ళ యాత్ర 1997 నుంచి జరుగుతోంది. దానికి సాధారణంగా 1987కు ముందు నాటి సైకిలు కావాలి, మీటలు ఇలా కింది గొట్టం మీద ఉండాలి. అలాంటి యాత్రలు దేశదేశాలకూ పాకాక ఈ మీటలున్న సైకిళ్ళకు గిరాకీ పెరిగింది. అయినా పాతది అంటే అరుదైనది అనుకోకండి. 1970ల మొదట్లో అమెరికాలో పది గేర్ల సైకిళ్ళ మోజు పట్టి కోట్లలో అమ్ముడయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం మామూలువే. మన దగ్గర కనబడకపోవడం వల్ల అవి అపురూపంగా తోస్తాయి.

నా చీటీ చదువుతాను. టైర్లు, ట్యూబులు 2,400. చైను, ఫ్రీవీలు అంటే వెనక పళ్ళచక్రాలు, 1,900. తీగలు, బ్రేకు ముక్కలు 900. బాల్సు, గ్రీజు, బెండు తీసినందుకు, చట్రం సరిచేసినందుకు కూలి అంతా కలిపి 1,500 అవుతుందని మేస్త్రీ చెప్పాడు. హ్యాండిలు పట్టీ 500. మొత్తం 7,200. రోడ్డెక్కడానికి సిద్ధంగా ఉన్న ఇలాంటి సైకిలుకు తొక్కేవాడిగా నేను 16,000 పెడతాను, అంతకు మించి పెట్టను. అందులోంచి ఈ 7,200 తీసేస్తే 8,800. సైకిలు నిలబడి ఉన్న చోట, ఉన్న స్థితిలో దాని వెల అది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు కదా, ఈ లెక్క చేతిలో ఉంటే రెండు వైపులా నిలబడి మాట్లాడవచ్చు. చీటీ తెరిచి అమ్మేవారి ముందు పెట్టండి. అందులో ఒక్క అంకె తప్పున్నా వాళ్ళే చెబుతారు.

ఇవన్నీ సరిపోయినా సైకిలు మీ ఒంటికి సరిపోకపోతే దాని వెల మీకు సున్నా. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాలి లోపలి కొలత తీసుకోండి. దాన్ని 0.67తో గుణించండి. 82 సెంటీమీటర్లు అయితే దాదాపు 55 వస్తుంది. బీబీ నడుమ నుంచి సీటు గొట్టం పైదాకా అటూఇటూగా అంత ఉండాలి. ఒకటి రెండు సెంటీమీటర్లు సర్దుకోవచ్చు. చవకగా వచ్చిందని ఐదారు సెంటీమీటర్లు పెద్దది కొంటే నడుము, మెడ రెండూ పాడవుతాయి. అలా కొని బాధపడుతున్నవాళ్ళు ఈ హాలులోనే ఇద్దరున్నారని నాకు తెలుసు.

చట్రం నంబరు బీబీ కింద గుద్ది ఉంటుంది. సైకిలు తిరగేసి చూడండి. అక్కడ అరగదీసి ఉంటే వెనుదిరిగి రండి, ఎంత చవకయినా సరే. దొంగిలించిన సైకిలు అంటే ఎవరో పిల్లవాడు రెండేళ్ళు కూడబెట్టుకున్న డబ్బు. రశీదు ఉంటే అడగండి. లేకపోతే అమ్మేవారి చేత నంబరుతో సహా రాయించుకోండి.

ఈ సైకిలు నా దగ్గరికి ఎలా వచ్చిందో చెబుతాను. డాక్టరుగారు ఇంగ్లండులో పనిచేసి 1986లో చిత్తూరు వచ్చేశారు. ఓడలో సామానుతో పాటు ఇదీ వచ్చింది. మూడేళ్ళ కిందట ఆయన పోయారు. ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మగారు పాత సామాన్లవాణ్ణి పిలిచారు. అతను దీనికి 400 చెప్పాడు. ఆ ఇంట్లో కరెంటు పని చేసే అబ్బాయి నాకు ఫోను చేశాడు. నేను వెళ్ళాను. దారం కట్టాను, వేలితో తడిమాను, లైటు వేశాను. అమ్మగారు కుర్చీ వేసుకుని అంతా చూశారు. చివరికి, "ఒక వెయ్యి ఇచ్చి తీసుకువెళ్ళండి బాబూ, మీకు పనికొస్తుందేమో" అన్నారు.

వెయ్యికి తీసుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు, బేరం అంటారు. ఆమెకు తెలియనిది నాకు తెలియడం వల్ల మిగిలే డబ్బును నేను బేరం అనను. ఈ చీటీ అక్కడే, ఆమె ఎదురుగా రాశాను. వెనక చక్రం మారింది కనుక దాచుకునేవారు ఎందుకు తగ్గిస్తారో చెప్పాను. బెంగళూరులో ఎవరైనా ఇంకో రెండు వేలు ఎక్కువ పెట్టవచ్చనీ, అందుకు తిప్పలు పడాలనీ చెప్పాను. 9,000 ఇచ్చాను. ఆమె డబ్బు లెక్కపెట్టుకోలేదు. లోపలికి వెళ్ళి బీరువాలోంచి ఒక గుడ్డ మూట తెచ్చారు. అందులో గాలి పంపు, ప్యాంటు కాళ్ళకు పెట్టుకునే ఉక్కు క్లిప్పులు రెండు, ఆ లెస్టర్ రశీదు ఉన్నాయి. క్లిప్పులు నూనె రాసి ఉంచినట్టు మెరుస్తున్నాయి. "ఇవి దానితోనే ఉండాలి" అన్నారు.

అవి ఈ సంచిలో ఉన్నాయి, తరువాత అందరూ చూడండి. చట్రం ఇంకా సరిచేయించలేదు. ఈ మూడు మిల్లీమీటర్ల తేడా మీ కళ్ళతో మీరే చూడాలని అలాగే తెచ్చాను. రేపు మేస్త్రీకి ఇస్తాను. ఇప్పుడు ఒక్కొక్కరూ ముందుకు రండి. ముందు కింది గొట్టం అడుగున వేలు పెట్టి చూడండి, నున్నగా ఉంటే ఎలా ఉంటుందో వేలికి తెలియాలి. దారం ఎవరు పట్టుకుంటారు?